తొండ దండీలు ఎందుకు తీస్తుంది

ఒకప్పుడు తొండ దండీలు తీసేది కాదు. కళ్ళు తెరవగానే మొండిగోడ మీద ఈ చివరినుంచి ఆ చివరికి ఒకటే పరుగు. ఎవరింట్లో ఏం వండుతున్నారో తెలుసుకోవాలిగా మరి.

ఒక వానాకాలం పొద్దున్నే లేవబోతే కాళ్ళు రాలేదు. కీళ్ళు వాచి, వేడిగా, కర్రల్లా బిగుసుకున్నాయి. ఎండ ఎక్కాక గానీ వదల్లేదు. రోజూ ఇదే వరస.

ఎదురు చూరు మీద కాకి ఉంది. ఇన్నాళ్ళూ తొండను దాన్నుంచి కాపాడింది ఆ పరుగే. ఇప్పుడు గోడ నెర్రెలోనే ఉంటే ఆకలి చంపుతుంది, బయటికొస్తే కాకి చంపుతుంది.

"బురదలో దొర్లు," అంది గేదె. జలుబు చేసినా, దూడ తప్పిపోయినా గేదె చెప్పేది అదే.

"వయసమ్మా, వయసు," అంది కోడి. తొండకు అప్పటికి రెండేళ్ళు. కోడికి నాలుగు.

కాకి మాత్రం చాలా బాధపడింది. "అసలు కదలకు కోడలా. గోడమీద పడుకో. కళ్ళు కూడా మూసుకో."

ఎంత మంచి మామ అనుకుంది తొండ. అయితే గోడమీదికి ఎక్కే ఓపిక లేక, నెర్రెలోనే మూడు రోజులు కదలకుండా పడుకుంది. కీళ్ళు ఇంకా బిగిశాయి.

చివరికి రాయి కింద ఉండే రోకలిబండ పురుగు దగ్గరికి మధ్యాహ్నం కాళ్ళు ఈడ్చుకుంటూ వెళ్ళింది. కీళ్ళ జబ్బులకు అదే పెద్ద వైద్యుడు. అన్ని కాళ్ళున్నవాడికి తెలియక ఇంకెవరికి తెలుస్తుంది?

"బిగుసుకునేది పొద్దునా, సాయంత్రమా?" అంది రోకలిబండ.

"పొద్దున, తాతా."

"ఒక పక్కేనా?"

"రెండు పక్కలా."

"కదిలితే నొప్పి పెరుగుతుందా, తగ్గుతుందా?"

తొండ ఆలోచనలో పడింది. ఇంతవరకూ అందరూ చెప్పినవాళ్ళే, అడిగినవాళ్ళు లేరు. "తగ్గుతుంది!" అంది ఆశ్చర్యంగా.

"అయితే ఇది కీళ్ళ అరుగుదల కాదు. అందరి ఒంట్లోనూ కాపలావాళ్ళుంటారు, బయటి రోగాన్ని తరమడానికి. నీవాళ్ళు దొంగ దొరక్క ఇంటివాళ్ళనే కొడుతున్నారు."

"వాళ్ళని తీసెయ్యి తాతా!"

"తీసేస్తే దొంగలొస్తారు. శాంతపరచాలి. రోజూ ఈ చేదాకు కొంచెం తిను, మానకు. లేవగానే పరుగెత్తకు. కీళ్ళు వదిలేదాకా కాళ్ళు వంచు, చాచు."

"పూర్తిగా పోతుందా?"

"పోతుందని చెప్పను. నీ మాట వింటుంది."

ఆకు పనిచేయడానికి నెల పట్టింది. ఆ నెలంతా గేదె వచ్చి బురద సంగతి గుర్తు చేస్తూనే ఉంది.

ఒక పొద్దున తొండ ధైర్యం చేసి గోడమీదికొచ్చింది. ఎండలో నిలబడి వంగుతూ లేస్తూ ఉంది.

"కదలొద్దన్నానుగా కోడలా!" అంటూ కాకి దగ్గరికి జరిగింది.

"ఇంకొక్కటి మామా," అంది తొండ.

కాకి దూకింది. ముక్కు టక్కుమని గోడకు తగిలింది. తొండ అప్పటికే ఆ చివర ఉంది.

అప్పటినుంచే తొండ పొద్దుటి ఎండలో దండీలు తీశాకే పరుగందుకుంటుంది. ఎదురు చూరు మీద కాకి తల పక్కకు వంచి చూస్తూ ఉంటుంది. ఆరోగ్యం కనుక్కోవడానికేనట.