టాసిట్ కోడలు

కొబ్బరిలంకలో గవర్రాజు ఇంటివాళ్ళకి తమ తెలివి మీద ఎంత గురి అంటే, దానికెక్కడ దిష్టి తగులుతుందోనని రోజూ పొద్దున్నే ఒకళ్ళకొకళ్ళు ఉప్పూ మిరపకాయలూ తిప్పుకునేవాళ్ళు. ఇంట్లో ఉన్నది నలుగురు. గవర్రాజు, భార్య పాపాయమ్మ, తమ్ముడు బుల్లియ్య, మేనత్త వెంకాయమ్మ.

బుల్లియ్యకి ముప్పై అయిదు దాటాయి. పెళ్ళి కాలేదు. అందగాడే, కష్టపడేవాడే. కానీ చూసిన సంబంధమల్లా చెడిపోయేది. పోయినసారి పెళ్ళిచూపుల్లో పిల్ల తండ్రి మర్యాదకి, "మా ఇల్లు మీ ఇల్లే అనుకోండి" అన్నాడు. అంతే. వీళ్ళు మంచాలన్నీ వీధిలో పడేసి, వంటింటికి సున్నం కొట్టడం మొదలుపెట్టారు.

ఈసారి మునగలపాడు సంబంధం. పిల్ల పేరు మంగతాయారు. ఫోటో చూసిన దగ్గర్నుంచీ బుల్లియ్య అన్నం సరిగ్గా తినడం లేదు. పెళ్ళిళ్ళ పేరయ్య ముందే చెప్పేశాడు. "పిల్ల తండ్రి ఇంగ్లీషు మాస్టారండోయ్. ఒక్క ఇంగ్లీషు మాటైనా వాక్యంలో సరిగ్గా వాడారంటే మెత్తబడిపోతాడు."

ఇంకేముంది, నలుగురూ ఊళ్ళో యేసుపాదం మాస్టారింటికి పరిగెత్తారు. ఆయన బాగా ఆలోచించి, "మీకు అచ్చొచ్చే మాట ఒకటుంది. టాసిట్" అన్నాడు.

నలుగురూ దభీమని నేల మీద కూర్చున్నారు.

"లేవండర్రా. టాసిట్!"

లేచినవాళ్ళు మళ్ళీ దభీమన్నారు.

"సిట్ అంటే కూర్చోమని మాకు తెలుసు మాస్టారూ" అంది వెంకాయమ్మ గర్వంగా. "టా ఏంటో అది చెప్పండి చాలు."

మాస్టారు తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు. "కూర్చోవడం కాదమ్మా. పైకి ఏమీ అనకుండానే ఒకరి మనసు ఒకరికి తెలియడం. గవర్రాజు అడక్కుండానే పాపాయమ్మ మంచినీళ్ళు తెచ్చిందనుకో, 'వి హేవ్ ఎ టాసిట్ అండర్‌స్టాండింగ్' అనాలి. ఏదైనా అడిగినప్పుడు కాదనకుండా ఊరుకున్నారనుకో, అది టాసిట్ కన్సెంట్. నోరు మెదపకుండా ఒప్పుకున్నారన్న మాట. నోరు విప్పి చెప్పేశారా, ఇక అది టాసిట్ కాదు. ఆ సంగతి మర్చిపోయి వాడారో, వాక్యం తప్పు!"

అంతే, ఇంట్లో మాటలు బంద్. నలుగురూ నోళ్ళు కుట్టేసుకుని ఒకళ్ళ మనసు ఒకళ్ళు తెలుసుకోసాగారు. పులుసులో ఉప్పు వెయ్యమని ఎవరూ అనలేదు. అనకుండానే అందరికీ తెలిసిపోయింది. నలుగురూ నాలుగుసార్లు వేశారు. గేదెకి కుడితి పెట్టమనీ ఎవరూ అనలేదు. అది మటుకు ఎవరికీ తెలియలేదు. ఆ గేదె అరిచి అరిచి, పలుపు తెంపుకుని, పక్కింటి ధర్మయ్య బెండతోటంతా మేసేసింది.

గేదెకి కడుపు నిండకే కదా ఇదంతా అని గవర్రాజు ధర్మయ్య గడ్డిమేటు దగ్గరికే వెళ్ళాడు. "కాస్త గడ్డి పట్టుకెళ్ళనా?" అని మేటునే అడిగాడు. మేటు పలకలేదు. మోపు కట్టుకుని నెత్తినెత్తుకున్నాడు.

ధర్మయ్య కర్ర పుచ్చుకుని వచ్చాడు. "ఎవర్నడిగి తీశావురా?"

"మేటునే అడిగానండి. కాదన్లేదు. టాసిట్ కన్సెంటండి."

ధర్మయ్య కర్ర కింద పడేశాడు. తిన్నగా వీళ్ళ పెరట్లోకి వెళ్ళి, అరటిచెట్టుని, "గెల కోసుకోనా తల్లీ?" అని అడిగి, గెల కోసుకుని భుజాన వేసుకుపోయాడు.

"వినగానే పట్టేశాడు, ఎంత తెలివైన మనిషో!" అని మురిసిపోయింది పాపాయమ్మ.

మర్నాడు నలుగురూ బస్సెక్కి మునగలపాడు వెళ్ళారు. పిల్ల తండ్రి సుబ్బారాయుడు మాస్టారు అరుగు మీదకి ఎదురొచ్చాడు. ఫలహారాలయ్యాక, "మీకు ఇంగ్లీషు కూడా వచ్చని పేరయ్య చెప్పాడు. ఏదీ, ఒక వాక్యం?" అన్నాడు.

గవర్రాజు లేచాడు. కండువా సర్దుకున్నాడు. వాక్యాన్ని మనసులోనే మొదట్నుంచి చివరిదాకా చెప్పి కూర్చున్నాడు.

"చెప్పండి మరి" అన్నాడు మాస్టారు.

"చెప్పేశానండి. టాసిట్ అండి. పైకి అంటే తప్పండి."

సుబ్బారాయుడు మాస్టారు కడుపు పట్టుకుని నవ్వాడు. "ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాను గానీ ఆ మాటని ఇంత కచ్చితంగా వాడినవాణ్ణి చూడలేదయ్యా! అమ్మా తాయారూ, ఇలా రా."

మంగతాయారు వచ్చి కూర్చుంది. ఫోటోలో కన్నా బావుంది. బుల్లియ్య తల వంచుకుని, "నన్ను చేసుకోవడం మీకిష్టమేనా అండీ?" అని అడిగాడు.

ఆ పిల్ల ఇందాక లోపల్నుంచి అంతా విన్నప్పటి నుంచీ నవ్వు ఆపుకుంటోంది. ఇంత అమాయకుడు దొరికితే ఇల్లు సందడిగా ఉంటుందనుకుంది కాబోలు, అతని వైపు చూసి, "నాకిష్టమే" అంది.

బుల్లియ్య మొహం పాలిపోయింది. వెంకాయమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"నోరు విప్పేసిందిరా!" అన్నాడు గవర్రాజు. "కన్సెంటు లేదు. పదండి."

"అయ్యో, నిజంగానే ఇష్టమండీ!" అంది మంగతాయారు.

"రెండోసారి కూడా కాదంది" అని బుల్లియ్య కళ్ళు తుడుచుకున్నాడు.

ఉత్త చేతులతో ఊరికి ఎలా వెళ్ళేది? ఆ ఇంట్లో నోరు విప్పని ఆడపిల్ల ఇంకెవరైనా ఉందేమోనని పాపాయమ్మ చుట్టూ చూసింది. వీధిగుమ్మానికి దిష్టి తగలకుండా వేలాడదీసిన బూడిదగుమ్మడికాయ కనిపించింది. ఒంటినిండా పసుపు, మొహాన ఇంత బొట్టు. "ఏమ్మా, మా మరిదిని చేసుకుంటావా?" అని అడిగింది.

గుమ్మడికాయ కిక్కురుమనలేదు.

ఇంకేముంది! ఉట్టి విప్పి, కాయని బుల్లియ్య ఒళ్ళో పెట్టి, బస్సెక్కేశారు. మంగతాయారు చెప్పులైనా వేసుకోకుండా రోడ్డు దాకా పరిగెత్తుకొచ్చి, "నాకిష్టమేనండీ!" అని గొంతు చించుకుంది.

"ఊరంతా వినేలా కాదంటోంది పాపం" అంది వెంకాయమ్మ కిటికీలోంచి.

"తాయారూ, కాసేపు నోరు మూసుకో అమ్మా! పెళ్ళి కుదురుతుంది!" అని వెనకనుంచి అరిచాడు తండ్రి.

"ఎలా మూసుకోను నాన్నా, మన గుమ్మడికాయ పట్టుకుపోతున్నారు!"

బస్సు కదిలిపోయింది.

ఇంటికొచ్చాక వెంకాయమ్మ గబగబా హారతి పట్టుకొచ్చి గుమ్మం ముందు అడ్డంగా నిలబడింది. "పేర్లు చెప్పి లోపలికి రండి" అంది. కొత్త కోడలు మొగుడి పేరు చెప్పకుండా ఎక్కడైనా గడప దాటుతుందా?

బుల్లియ్య సిగ్గుపడుతూ, "నేనూ, నా భార్య గుమ్మడమ్మా వచ్చాం" అన్నాడు.

కాయ మాట్లాడలేదు.

"చెప్పమ్మా, బుల్లియ్య అను" అని బతిమాలింది పాపాయమ్మ.

"అనిపించకు!" అని గవర్రాజు అదిరిపడ్డాడు. "నోరు విప్పిందా, మన సంబంధం పోయినట్టే!"

చెబితే పిల్ల దక్కదు. చెప్పకపోతే గడప దాటకూడదు. అంతే, నలుగురూ వాకిట్లోనే నిలబడిపోయారు. అంతలో వాన అందుకుంది. ఉన్న ఒక్క గొడుగూ కోడలికి పట్టి, నలుగురూ తడిసి ముద్దయ్యారు.

"ఓపిక పట్టండ్రా" అంది వెంకాయమ్మ, ఆరిపోయిన హారతి పళ్ళెంతో. "పిల్ల లోపల్లోపల ఏదో ఆలోచిస్తోంది."