దండనాయకుడి గుండెదడ

"మనిషికి ఆసరాగా ఉండే జంతువు సభకు రావచ్చు. ముద్దుకు పెంచుకునేది గడప తొక్కరాదు" అని కేతభూపాలుడు చాటింపు వేయించాడు. చూపులేని ఎల్లవ్వ కోసం ఆ శాసనం వేయించినవాడు కొలువులోని మాటకారి బుక్కన. కుక్క కరియడు దారి చూపందే ఆమె అడుగు వేయలేదు.

దండనాయకుడు ప్రోలినాయుడికి ఇది మింగుడుపడలేదు. ఎల్లవ్వ చెలకను తన పొలంలో కలుపుకున్న ఘనుడు ఆయనే మరి! విచారణ ఇవాళే. ఆమె రాకపోతే వ్యాజ్యం కొట్టేస్తారు.

అందుకే పట్టుదిండు మీద తెల్లపిల్లిని పెట్టించుకుని దర్జాగా సభకు వచ్చాడు.

"నాకు గుండెదడ ప్రభూ! ఇది పక్కన లేకపోతే ఊపిరాడదు."

రాజుకు చిర్రెత్తింది. "ఇవాళ పిల్లి, రేపు కోతి! ఇది సభా, సంతా? బుక్కనా, నీ శాసనం రద్దు. ఏ జంతువూ వద్దు!"

గుమ్మంలో ఎల్లవ్వ చెయ్యి కుక్క మెడపట్టీ మీద బిగుసుకుంది. అది చూసి బుక్కన గుండె కలుక్కుమంది. తన మాట నమ్మి వచ్చిన ముసలిది!

"ఒక్క క్షణం ప్రభూ! నాయుడుగారి రోగం నిజమైతే పాపం కదా. అవ్వా, నీ నడుముకు ఆ సంచి ఏమిటి?"

"బూడిద, కొబ్బరిపీచు అయ్యా. కుక్క ఎక్కడన్నా పాడుచేస్తే నేనే ఎత్తి తుడుస్త. నాకు ఇంత చేసేదానికి నేను ఆమాత్రం చెయ్యొద్దా?"

అంతలో పిల్లి కుక్కను చూసింది. కరియడు కదల్లేదు. పిల్లి మాత్రం బెదిరి, దిండు దిగి, రత్నకంబళి మీదే పని కానిచ్చేసింది.

"ఎవర్రా అక్కడ? తుడవండి!" అని నాయుడు చప్పట్లు చరిచాడు.

బుక్కన నౌకర్లను ఆపి, అవ్వ సంచి తెచ్చి ఆయన ముందు పెట్టాడు.

"తమరే తుడవాలి నాయుడుగారూ. అది ఊపిరి పోసేది తమకే కదా!"

నాయుడు సంచి వంక చూశాడు. తన పది ఉంగరాల వంక చూసుకున్నాడు. ముక్కు మూసుకున్నాడు.

"నేనా! పిల్లి పెంట ఎత్తడమా! దీన్ని అవతల పారేయండి. ఇది లేకపోతే నా ప్రాణమేం పోదు!"

బుక్కన రాజు వైపు తిరిగి చేతులు జోడించాడు.

"చూశారా ప్రభూ! మన శాసనం గుండెదడ కూడా కుదురుస్తుంది!"

సభ గొల్లుమంది. రాజు పగలబడి నవ్వుతూ మెడలోని ముత్యాలహారం తీసి బుక్కనకు వేశాడు.

"శాసనం ఉంటుంది. పిల్లి బయటికి. అవ్వా, నువ్వూ నీ కుక్కా లోపలికి రండి. నీ చెలక సంగతి ముందు తేలుద్దాం."

ఈసారి నాయుడి గుండె నిజంగానే దడదడలాడింది.