అటు తిరిగిన ముఖం

ఈరేశం గీసిన మొదటి పటం వెనక్కి వచ్చింది.

ముప్పై మూరల బట్ట. చింతగింజల జిగురూ సుద్దా కలిపి పూతలు పూసి, ఎర్ర రంగు నింపి, ఆరు నెలలు నడుం వంచి గీసిన కథ. దాన్ని ఊరూరా కథ చెప్పుకునే గంగారాం భుజాన మోసుకొచ్చి, ఈరేశం గురువు రాజలింగం ముందు దించాడు.

"అన్నా, అన్నీ బాగున్నయి. అమ్మ బొమ్మ ఒక్కటి మనం అనుకున్నట్టు లేదు."

కొడుకు అడవికి పోయే ఘట్టం అది. గంగారాం ఎప్పుడూ పటానికి ఎడమ పక్కన నిలబడి కథ చెబుతాడు. కొడుకు మాటలు తానే పలుకుతాడు. అందుకే గడపలోని తల్లి ఎడమకు చూడాలని, పని ఒప్పజెప్పిన రోజే మూడుసార్లు చెప్పి పోయాడు.

ఈరేశం గీసిన తల్లి కుడికి తిరిగి ఉంది.

"కొడుకును సాగనంపే తల్లి ముఖం చూపియ్యదు," అన్నాడు ఈరేశం మొండిగా. "నీ పాత పటంల ఆమె పెండ్లికి వచ్చినట్టు నిలబడ్డది."

"ఉండొచ్చు బిడ్డా. ఆమె అటు తిరిగితే నేనెవరికి చెప్పుకోవాలె? గోడకా?"

రాజలింగం లేచాడు. పటాన్ని దూలానికి వేలాడదీశాడు. గంగారాం చేతిలోని కర్ర తీసుకుని శిష్యుడికిచ్చాడు.

"ఎడమకు నిలబడు. కొడుకు మాట నువ్వు చెప్పు."

ఈరేశం నవ్వబోయాడు. గురువు నవ్వలేదు.

"అమ్మా, పోయొస్త."

తల్లి అటే చూస్తోంది.

"మళ్ల చెప్పు."

"అమ్మా..." కర్ర కిందికి దించేశాడు.

ఎనిమిదేళ్ల కిందట ఇదే గడపలో అతను అలాగే పిలిచాడు. పని నేర్చుకోమని తెచ్చి దింపిన అమ్మ తిరిగి చూడలేదు. రాజలింగం వైపే నిలబడి, "పిల్లగాడు మీ చేతుల పడ్డడు," అని, కొంగు సర్దుకుని వెళ్లిపోయింది. వదిలించుకుంది అనుకున్నాడు ఈరేశం. ఎన్ని కబుర్లు వచ్చినా ఊరికి పోలేదు. పంతం పంతమే, కానీ వీధి మొగలో బస్సు ఆగిన ప్రతిసారీ అతని కుంచె ఆగేది.

రాజలింగం సుద్ద పిడత దగ్గరికి లాక్కున్నాడు. ఆ తల్లి ముఖం మీద తెల్లగా పూసేశాడు. అది ఆరేదాకా ఆగాడు.

"ఇప్పుడు ఇటు చూసే ముఖం గీయి," అని కుంచె ఇచ్చాడు.

అమ్మ మెడ మీది పుట్టుమచ్చ గుర్తుంది. మడమల పగుళ్లు గుర్తున్నాయి. ఎంతసేపు నిలబడ్డా ముఖం మాత్రం రాలేదు.

"నాకు తెలుస్తలేదు పెద్దయ్యా."

రాజలింగం కొయ్యకున్న సంచి తీసి అతని భుజాన వేశాడు. "పోయి చూసి రా. గంగారాం ఆగుతడు."

"నా పాత పటానికి చిల్లులు పడ్డయి గానీ," అన్నాడు గంగారాం, "ఇంకో నెల కథ మోస్తది. పో."

గడప దాకా వెళ్లి ఈరేశం ఆగాడు.

"ఆనాడు నా దిక్కు ఎందుకు చూడలేదు, పెద్దయ్యా?"

రాజలింగం కుంచె కడుగుతున్నాడు. తల ఎత్తలేదు.

"ఆనాడు ఆ ఏడ్సే ముఖం నా దిక్కుండె బిడ్డా. ఎనిమిదేండ్ల సంది గీద్దామని చూస్తున్న. చెయ్యి లేస్తలేదు."