పక్క సీటు

“మాస్టారూ, సెకండ్‌హ్యాండ్‌లో మంచి స్పోర్ట్స్ కారును ఎలా గుర్తుపట్టాలి?” అని అడిగాడు త్రినాథ్.

భుజంగరావు మాస్టారు ఒకప్పుడు ర్యాలీల్లో కార్లు తోలిన మనిషి. ఊరి బయట మూతపడ్డ రన్‌వే మీద త్రినాథ్‌లాంటి కుర్రాళ్ళకి రేసు డ్రైవింగ్ నేర్పుతుంటారు. అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పడం ఆయన ఒంట్లోనే లేదు. “అమ్మేవాణ్ణి రమ్మను” అన్నారు, అంతే.

త్రినాథ్‌కి ఒళ్ళు మండింది. ఎవరి కార్లు వాళ్ళు తెచ్చుకుని పోటాపోటీగా తోలే ట్రాక్ డే దగ్గరపడుతోంది. వాడి పాత తెల్లకారు నాలుగు రౌండ్లు గట్టిగా తిరిగితే చాలు, బ్రేకులు వేడెక్కి పెడల్ కిందికంటా దిగిపోతుంది. ఆ సంగతి వాడికొక్కడికే తెలుసు. దాన్ని ఎవరికైనా అంటగట్టి, వచ్చిన డబ్బుతో తన తాహతుకు తగ్గ ఎర్ర కారొకటి కొనాలని చూస్తున్నాడు. ఈ ముసలాయన్ని అడక్కుండా కొనేసినా సరిపోయేది, ఖర్మ!

ఆదివారం పొద్దున్నే ఎర్ర కారు వేసుకుని మురారి అనే బ్రోకరు వచ్చాడు. బండి అద్దంలా మెరుస్తోంది. ముందు నిమ్మకాయలూ పచ్చిమిరపకాయలూ వేలాడుతున్నాయి. “ఇంజను పులి సార్, పులి!” అన్నాడు మురారి.

మాస్టారు బానెట్ ఎత్తమనలేదు. టైర్ల వైపైనా చూడలేదు. “మావాడు తోలతాడు. మీరు పక్కన కూర్చోండి. ఆ చివరిదాకా ఫుల్ స్పీడులో పోయి, గోడ ముందు బ్రేకు కొడతాడు” అన్నారు.

“నాకు నడుం నొప్పండీ” అన్నాడు మురారి. తర్వాత రాని ఫోనేదో చూసుకున్నాడు. అమ్మే బండిని అంత కష్టపెట్టకూడదన్నాడు. మాస్టారు తలుపు తీసి పట్టుకుని అలాగే నిలబడ్డారు.

“నిమ్మకాయలు కట్టారుగా, ఇంకా భయమెందుకు? ఎక్కండి.”

మురారి నుదురు తుడుచుకున్నాడు. “అంత స్పీడొద్దు సార్... ముందు చక్రం దగ్గర విరిగితే అతికించిన వెల్డింగుంది” అన్నాడు గొణుగుతూ.

త్రినాథ్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. “నువ్వు మనిషివేనా? తెలిసి తెలిసి అమ్ముతావా? దాంట్లో నేను చస్తే? నీ కొడుకునైతే ఎక్కిస్తావట్రా అందులో? పైన పటారం, లోన లొటారం! థూ, నీ బతుకు చెడ!” నోటికి ఏదొస్తే అది అనేశాడు. మురారి కారు గేటు దాటినా వాడి నోరు మూతపడలేదు. పళ్ళు పటపట కొరుకుతూ అక్కడే అటూ ఇటూ తిరిగాడు. ఇలాంటివాళ్ళని జైల్లో పెట్టాలన్నాడు. చెప్పుచ్చుకు కొట్టాలన్నాడు. మాస్టారు గొడుగు నీడన కూర్చుని మజ్జిగ తాగుతున్నారు.

అంతలో వసుంధర వచ్చింది. కాలేజీలో లెక్చరరు. మాస్టారి దగ్గర కొత్తగా చేరింది. తెల్లకారు కొంటానని త్రినాథ్‌తో అంతకుముందే మాట్లాడుకుంది.

“ఇవాళ బేరం ఖాయం చేసేసుకుందామండీ. నాకింకా బ్రేకులు సరిగ్గా కొట్టడం రాదు, మీకు తెలుసుగా. మీరు కాస్త పక్కన కూర్చోండి, గట్టిగా నాలుగు రౌండ్లు తిప్పి చూస్తాను” అని తాళాల కోసం చెయ్యి చాపింది.

ఎవరూ త్రినాథ్‌నేమీ అనలేదు. అయినా గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, చేతిలో ఉన్న తాళాలకోసమే జేబులన్నీ తడుముకున్నాడు.

“ఇవాళ... ఎండ బాగా ఎక్కువగా ఉందండీ” అన్నాడు. తన గొంతు తనకే అసహ్యంగా వినిపించింది. ఆ అసహ్యం కోపమైంది. ఆ కోపంతోనే మాస్టారి వైపు గిర్రున తిరిగాడు.

మాస్టారు ఖాళీ గ్లాసు పక్కన పెట్టారు.

“ఆపేశావేం, త్రినాథా? తిట్లు ఇంకా మిగిలే ఉన్నట్టున్నాయే!”