ఓబళయ్య వాకిట్లో ముగ్గు

ఒకానొక రాజ్యంలో దొంగలు పంచాంగం చూసేవాళ్ళు కారు. రాజుగారు యాత్రకు ఎప్పుడు బయలుదేరితే అదే వాళ్ళకు సుముహూర్తం.

ఆ రాజు పేరు రణభీముడు. ఏటా ఎండలు ముదరగానే పరివారంతో సముద్రతీరానికి గాలిమార్పుకు వెళ్ళేవాడు. వెళ్ళడం ఒక ఎత్తు, వెళ్తున్నట్టు లోకానికి తెలియడం మరో ఎత్తు. అందుకని వారం ముందే దండోరా వేయించేవాడు. ఏ ఘడియకు కోట దాటేదీ, ఏయే ఊళ్ళో మజిలీ చేసేదీ, ఎన్నాళ్ళకు తిరిగొచ్చేదీ సందుసందునా చాటించేవాడు. పోయినేడు అంతఃపురంలో వెండి ఉయ్యాల పోయింది. ఈ ఏడు రాణిగారి నగల పెట్టె పోయింది, దారిలో రెండు సామాను బండ్లూ పోయాయి.

అదే వేసవిలో కొలువులో ఉండే ఓబళయ్య భార్యతో నెల్లాళ్ళు తీర్థయాత్ర చేసి వచ్చాడు. అతని ఇంట్లో చెంబు కూడా కదల్లేదు.

రాణి మల్లాంబ భోజనాల దగ్గర ఈ సంగతి చెప్పి, "ఓబళయ్య ఇల్లాలు అదృష్టవంతురాలు" అని నిట్టూర్చింది. రాజుగారికి ముద్ద దిగలేదు. తనకు మూడు వందలమంది కావలివాళ్ళు. వాడికి కుక్కైనా లేదు. కోట దోచినవాళ్ళు ఆ నాలుగు గదుల కొంప వంక చూడకపోవడమేమిటి? అసూయతో ఆయన కంచం ముందునుంచి లేచిపోయాడు.

మర్నాడు కొలువులో ఓబళయ్యను నిలబెట్టాడు.

"నీ జాగ్రత్త ఏపాటిదో చూడాలయ్యా. నలభై రోజులు కొలువుకు సెలవిస్తున్నాం, ఈలోగా మరో యాత్ర చేసి రా. నువ్వు లేనప్పుడు మా మనిషి నీ ఇంట్లోంచి గరిటె తెచ్చినా, నువ్వు అసలు వెళ్ళకపోయినా ఇల్లు ఖజానాకు జమ. తేలేకపోతే నువ్వు కోరింది ఇస్తాం."

ఓబళయ్యకు తండ్రి కట్టిన ఆ ఇల్లు తప్ప సెంటు భూమి లేదు. అయినా తొణకలేదు.

"చిత్తం. ఎప్పుడు వెళ్ళేదీ మాత్రం చెప్పను ప్రభూ. మనుషులున్న ఇంట్లో చొరబడి లాక్కుంటే అది దోపిడీ. ఏలినవారికి తగదు."

రాజు సరేనన్నాడు. చెరసాలలో ఉన్న గంగడనే గజదొంగను విడిపించి ఆ పని అప్పగించాడు. గంగడు రోజూ వచ్చి ఒకటే పాట పాడేవాడు.

"వాకిట్లో కొత్త ముగ్గుంది దొరా. నిన్న పద్మం, ఇయ్యాల తాబేలు. తీగ మీద తడి చీరుంది. మనుషులు కదల్లేదు."

"ముగ్గు చూసి భయపడతావట్రా?"

"మా పనిలో ముందు చూసేది అదే దొరా. మనుషుల్లేని గడపకు ముగ్గెవరు పెడతారు?"

నెల గడిచింది. రాజు తాళలేకపోయాడు. తానే బైరాగి వేషం కట్టి మిట్టమధ్యాహ్నం ఓబళయ్య వీధికి పోయాడు. లోపల రోకలి చప్పుడు వినిపించింది. "ఏవండీ, వాకిట్లో ఎవరో బైరాగి" అని ఆడగొంతు వినిపించింది. తలుపు సందులోంచి ఓ చెయ్యి జోలెలో గుప్పెడు బియ్యం పోసింది. రాజుగారు జోలె సర్దుకుని కోట దారి పట్టాడు. మనసులో మాత్రం సంబరపడ్డాడు. వాడు గడప దాటనేలేదు, పందెం ఓడినట్టే.

నలభయ్యో నాడు ఓబళయ్య దుమ్ముకొట్టుకున్న కాళ్ళతో కొలువుకొచ్చి ఓ తాటాకు కమ్మ రాజు చేతికిచ్చాడు. సముద్రతీరాన రాజుగారి సత్రం అధికారి రాసినది. ఓబళయ్య దంపతులు అక్కడ ఇరవై రెండు రోజులు బస చేశారట. కింద రాజముద్ర కూడా ఉంది.

రాజు ముఖం పాలిపోయింది. "మరి ముగ్గెవరు వేశారు?"

"ఎదురింటి సూరమ్మగారు ప్రభూ. ఆవిడ కూతురి పురిటికి వెళ్ళినప్పుడు మా ఆవిడ వాళ్ళ వాకిలి చూసింది. ఇప్పుడు ఆవిడ మాది చూసింది. రోజూ ముగ్గేసి, మా తీగ మీదే చీర ఆరేసి, మొగుడితో వచ్చి మా రోట్లో కారం దంచుకునేది. ఎవరో బైరాగి వస్తే బిచ్చం కూడా వేసిందట."

రాజు గొంతు సవరించుకున్నాడు. "దారిలో దొంగలు పడలేదా?"

"నగలు ఒంటిమీద పెట్టలేదు. పగలే, నలుగురి బండ్లతో కలిసి నడిచాం. ఏ ఊళ్ళో ఆగేదీ ఆగాకే అందరికీ తెలిసేది."

"మేం ఊరూరా చాటిన మాట నువ్వు సూరమ్మకొక్కదానికే చెప్పావన్నమాట."

"అంతే ప్రభూ. తమ కావలివాళ్ళు మంచివాళ్ళే. దండోరా వేసేవాడే జీతం తమ దగ్గర పుచ్చుకుని, కొలువు దొంగలకు చేస్తున్నాడు."

రాజు మీసం అదిరింది. అంతలో ఆపుకోలేక పకపకా నవ్వేశాడు.

"ఓబళయ్యా, ఇన్నాళ్ళూ నీ ఇల్లు చూసి ఏడ్చాను. ఏడవాల్సింది నీ పొరుగును చూసి. నా పొరుగున ఉన్నవాళ్ళంతా నా కోట ఎప్పుడు ఖాళీ అవుతుందా అని కాచుకున్న రాజులే కదయ్యా."

మెడలోని హారం తీసి ఓబళయ్య చేతిలో పెట్టాడు. సూరమ్మకు ఐదెకరాల మాగాణి రాసిమ్మన్నాడు. ఆ ఊపులోనే మంత్రివైపు తిరిగి, "ఓబళయ్యకు రత్నాలహారం ఇచ్చామని సాయంత్రంలోగా ఊరంతా చాటించండి" అన్నాడు.

ఓబళయ్య గభాలున కాళ్ళమీద పడ్డాడు. "ప్రభూ, కోరింది ఇస్తామన్నారు. ఆ దండోరా ఆపించండి, చాలు."