ఆదివారం తలనొప్పి

డాక్టర్ రత్నమణి గారిని ప్రశ్న అడగడమంటే ఆ ఆసుపత్రిలో కుర్ర డాక్టర్లందరికీ జంకే. ఆవిడకి తెలియదనీ కాదు, కసురుకుంటారనీ కాదు. ఆవిడని అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. "ఈ మందు రాత్రిపూటే ఎందుకివ్వాలి మేడం?" అని ఒకమ్మాయి అడిగిన పాపానికి, అదే మందు పొద్దున వేసుకుని పగలంతా తూగుతున్న రోగుల పక్కన వారంరోజులు కూర్చోవలసి వచ్చింది. అందుకని చాలామంది తమ సందేహాలు పుస్తకాల్లోనే తీర్చుకునేవాళ్ళు. పుస్తకాలు జవాబు చెప్పి ఊరుకుంటాయి.

సుధాంశు ఆ రకం కాదు, అడిగేస్తాడు. డాక్టరు చదువు అయిపోయి పైచదువు చదువుతున్నాడు. చురుకైనవాడు, ఆ సంగతి అందరికన్నా అతనికే ఎక్కువ తెలుసు. రత్నమణి గారి తలనొప్పి విభాగంలో, ఆవిడ చేతికింద, పార్శ్వపు నొప్పికి కొత్తగా వచ్చిన ఒక మాత్ర మీద పరిశోధన చేస్తున్నాడు. మొత్తం అరవైమంది రోగులు, ఒక్కొక్కరికీ ఒక నోటుపుస్తకం. మొదటి నెల మందేమీ లేకుండా, తరవాత రెండు నెలలూ రోజుకో మాత్ర వేసుకుంటూ, ఏ రోజు నొప్పి వచ్చిందో, ఎంతసేపు ఉందో అందులో రాయాలి.

రాయడానికి నియమాలు సుధాంశే పెట్టాడు. పుస్తకం ఒక్కరే రాయాలి, చెయ్యి మారకూడదు. ఏ రోజు నొప్పి ఆ రోజే రాయాలి. నిన్నటిది గుర్తుతెచ్చుకుని ఇవాళ రాస్తే ఒప్పుకోరు, ఎందుకంటే జ్ఞాపకం కొంత పెంచుతుంది, కొంత మింగేస్తుంది. ఏమీ రాయకుండా వదిలేసిన రోజు నొప్పి లేని రోజు కింద లెక్క. ఇందులో వంక పెట్టడానికేమీ లేదని అతని నమ్మకం. నిజానికి నియమాలుగా చూస్తే అవి మంచివే.

మాత్రతో గుణం కనిపించనివాళ్ళకి రెండో విడతలో నెలకొక ఇంజెక్షన్ ఇస్తారు. ఎవరెవరికివ్వాలో ఆ పేర్ల జాబితా ఆ మంగళవారం మధ్యాహ్నం రెండింటికల్లా పంపాలి. ఆ పూట అతను చూడవలసినవాళ్ళలో వరహాలమ్మ ఆఖరిది.

వరహాలమ్మది కోనసీమలో ఒక పల్లె. జీడిపప్పు బట్టీలో పిక్కలు కాల్చే చోట పని. ఆ పొగకి కణత దగ్గర మొదలైన నొప్పి కంట్లోకి దిగి, వాంతి అయితేగాని వదలదు. పొయ్యి దగ్గర రెండుసార్లు కళ్ళు తిరిగి పడిపోయింది. మూడోసారి పడితే ఇక పనిలోకి రావద్దని యజమాని చెప్పేశాడు. తెల్లవారుజామునే బయల్దేరి, రెండు బస్సులు మారి వచ్చి, కొంగు కళ్ళ దాకా లాక్కుని, గోడవైపు తిరిగి బల్లమీద కూర్చునుంది.

ఆమె పుస్తకం చూసి సుధాంశు మొహం విప్పారింది. మొదటి నెల పద్నాలుగు రోజులు నొప్పి. మాత్ర మొదలుపెట్టాక రెండో నెల రెండే రోజులు, మూడో నెల మూడే. చేతిరాత కూడా ముత్యాల్లా ఉంది. అరవై పుస్తకాల్లోనూ మాత్ర ఇంత చక్కగా పనిచేసిన పుస్తకం ఇంకొకటి లేదు.

"బాగా తగ్గింది కదమ్మా," అన్నాడు.

"తగ్గలేదండి," అంది వరహాలమ్మ.

"పుస్తకంలో ఈ నెల మూడు రోజులే ఉన్నాయే."

"ఆయ్, ఉంటాయండి. పుస్తకం సరిగ్గానే ఉందండి. నొప్పే తగ్గలేదండి."

సుధాంశుకి ఒళ్ళు మండింది. ఇంజెక్షన్ చాలా మంచిదన్న మాట రోగుల్లో పాకిపోయిందని అతనికి తెలుసు. ఇవాళ పొద్దుటినుంచీ ఇద్దరు, మాత్రతో తగ్గినా తగ్గలేదని చెప్పి, గట్టిగా అడిగేసరికి ఒప్పేసుకున్నారు. ఈవిడ మూడోది అనుకున్నాడు. జాబితాలో ఇంకా ఒక ఖాళీ ఉంది, కానీ పుస్తకంలో ఇంత స్పష్టంగా ఉన్నదాన్ని కాదని ఆ పేరు ఎలా రాస్తాడు?

ఆమెని కూర్చోమని చెప్పి మళ్ళీ పుస్తకం తిరగేశాడు. తిరగేస్తూ ఉంటే ఒక విషయం కంటపడింది. ఆ రెండు నెలల్లోనూ నొప్పి వచ్చిన అయిదు రోజులూ ఆదివారాలే.  వారమంతా ఒళ్ళొంచి పనిచేసినవాళ్ళకి, ఒక్కసారిగా విశ్రాంతి దొరికిన రోజున తలనొప్పి రావడం గురించి అతను చదివాడు. చదివింది కళ్ళెదుట కనబడితే చదువుకున్నవాడికి కలిగే ఆనందం ఇంతా అంతా కాదు. మాత్ర రోజువారీ నొప్పిని పోగొట్టింది, మిగిలింది ఆదివారపు నొప్పి ఒక్కటే! దీనిమీద విడిగా ఒక వ్యాసమే రాయొచ్చు. పేరు కూడా మనసులో ఖాయం చేసేసుకున్నాడు.

అప్పుడే రత్నమణి గారి గదిలోకి వెళ్ళాడు. ఆ గదిలో ట్యూబులైట్లు వెయ్యరు, కిటికీకి ముతక తెర ఉంటుంది. మల్లెపూలు పెట్టుకొచ్చిన నర్సులు కూడా వాటిని గుమ్మం బయట మేకుకి తగిలించి లోపలికి రావలసిందే. ఆ వాసనకి నొప్పి లేచే రోగులున్నారు. ఆ మసకలో ఆవిడ కళ్ళజోడు నుదుటిమీదికి తోసుకుని ఏదో చదువుకుంటున్నారు.

"మేడం, రోగి ఒకటి చెప్పి, రోగి పుస్తకం ఇంకోటి చెబితే దేన్ని నమ్మాలి?"

ఆవిడ పుస్తకం అందుకుని, నాలుగు పేజీలు తిప్పి చూశారు. అతను పొద్దున దొరికిన ఇద్దరి సంగతీ, ఆదివారాల సంగతీ ఉత్సాహంగా చెప్పాడు. ఆవిడ అంతా విని, "ఆ అమ్మని ఇలా పంపు. నువ్వూ ఉండు," అన్నారు.

వరహాలమ్మ వచ్చి నిలబడింది. కూర్చోమంటే కుర్చీ అంచున కూర్చుంది.

"ఇప్పుడు నొప్పి ఉందామ్మా?" అని అడిగారు రత్నమణి గారు.

"ఉందండి. బస్సులో ఉండగా పట్టుకుందండి. ఈ పక్క కన్ను తెరవలేపోతన్నానండి."

ఆవిడ పుస్తకంలో ఆ రోజు తారీఖు ఉన్న పేజీ తీసి, ఆమె ముందు పెట్టి, పైన కలం ఉంచారు. "అయితే ఇవాళ్టిది రాసెయ్యి తల్లీ."

వరహాలమ్మ కలం చేతిలోకి తీసుకుంది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఎంతో మర్యాదగా మళ్ళీ బల్లమీద పెట్టేసింది.

"ఇయ్యాళ మంగళారం కదండీ," అంది. "మా ఆయన ఆదివారం వత్తాడండి."

సుధాంశు చప్పున తలెత్తి ఆమెకేసి చూశాడు. వరహాలమ్మకి తాను తప్పేమైనా అన్నానేమోనని భయం పట్టుకుని, మిగతాది తనే చెప్పుకొచ్చింది. భర్త సూరిబాబు ఊళ్ళో రైసుమిల్లులో పనిచేసేవాడు. ఆయనే రోజూ పుస్తకం రాసేవాడు. సరిగ్గా ఈ మాత్రలు మొదలుపెట్టిన వారంలోనే మిల్లు మూతపడింది. విశాఖపట్నంలో వాచ్‌మన్ పని దొరికింది. శనివారం రాత్రి బయల్దేరి వచ్చి, సోమవారం పొద్దున్నే వెళ్ళిపోతాడు. వచ్చిన రోజున నొప్పి ఉంటే రాస్తాడు.

"మిగతా రోజులవి ఆయనకి చెప్పొచ్చు కదమ్మా, రాసేవాడు," అన్నాడు సుధాంశు. 

"చెప్పానండి. ఆడు రాయనన్నాడండి. నిన్నటిది ఇయ్యాళ రాయకూడదని తమరే చెప్పారు కదండీ. పక్కింటి పిల్ల చేత రాయిత్తానంటే, చెయ్యి మారకూడదన్నారుగా అన్నాడండి. తమరంటే ఆడికి శానా గురండి."

సుధాంశు చేతులు వాటంతటవే ఆమె ఫైలు తెరిచాయి. పరిశోధనలో చేరడానికి ఒప్పుకుంటున్నట్టు మూడు నెలల కిందట ఇచ్చిన కాగితం అన్నిటికన్నా పైనే ఉంది. అందులో సంతకం చోట నీలం సిరాతో వేలిముద్ర. ఆ బొటనవేలిని పట్టుకుని సిరాలో అద్ది కాగితంమీద నొక్కినవాడు తనే. సాక్షిగా పక్కన సంతకం కూడా తనదే. ఇవాళ ముత్యాల్లాంటి ఈ అక్షరాలని మెచ్చుకున్నాడే గాని, ఎవరివని ఒక్కసారీ అనుకోలేదు. ఈ రెండు నెలలూ ఆవిడ ఎన్ని రోజులు ఆ పొగలో కూర్చుని వాంతులు చేసుకుందో చెప్పేవాళ్ళే లేరు. చెప్పడానికి వచ్చిన ఒక్క మనిషినీ తను అబద్ధాలకోరు కింద జమకట్టేశాడు. అతనికి సిగ్గుతో తలెత్తబుద్ధి కాలేదు.

"క్షమించమ్మా," అన్నాడు.

"అయ్యో, తమరేం చేశారండీ," అంది వరహాలమ్మ, నిజంగానే అర్థం కాక.

రెండో విడతవాళ్ళకి మళ్ళీ ఒక నెల కొత్తగా నొప్పి లెక్క చూసి, ఆ తరవాతే ఇంజెక్షన్ మొదలుపెడతారు. ఈసారి నొప్పి వచ్చిన రోజున పుస్తకంలో ఆ తారీఖు మీద ఆమే ఒక గీత గీస్తే చాలని రత్నమణి గారు చెప్పి, ఎలా గీయాలో ఒకసారి గీయించారు. కలం పట్టడం అలవాటు లేక గీత వంకరగా పోయింది. ఆవిడ బాగానే ఉందన్నారు. జాబితాలో మిగిలిన ఆ ఒక్క చోటులో సుధాంశు వరహాలమ్మ పేరు రాసి, రెండు కొట్టకముందే పంపించేశాడు. ఆమెని చీకటిగా ఉన్న పక్కగదిలో పడుకోబెట్టి మందిచ్చి, బస్సు వేళకి లేపమని నర్సుకి అప్పజెప్పాడు.

తిరిగి వచ్చేసరికి రత్నమణి గారు మళ్ళీ తమ చదువులో పడ్డారు. ఆవిడ బల్లకి ఎదురుగా అల్మారాలో మిగతా యాభై తొమ్మిది పుస్తకాలూ వరసగా ఉన్నాయి. వాటిలో ఎన్ని ఖాళీ పేజీలు తను నొప్పి లేని రోజుల కింద కలిపేసుకున్నాడో ఇప్పుడు అతనికే తెలియదు. రెండేళ్ళ శ్రమ. వచ్చే నెలలో దీన్ని నలుగురి ముందూ చదవాలి.

"అయితే మేడం," అన్నాడు, అక్కడే నిలబడి, "పుస్తకాన్ని కాదు, రోగి మాటనే నమ్మాలన్నమాట."

ఆవిడ తలెత్తలేదు. "పొద్దున నువ్వు పట్టుకున్న ఇద్దరు రోగులూ నోటిమాటే చెప్పారుగా," అన్నారు. పేజీ తిప్పాక, "ఈ అమ్మా అబద్ధం చెప్పలేదు, పుస్తకమూ చెప్పలేదు. మధ్యలో ఇంకెవరున్నారో ఆ యాభై తొమ్మిదింటిలోనూ చూసుకో నాయనా," అన్నారు.