నూకాలూ, చూశావా?

అనగనగా, సముద్రం ఇప్పటికన్నా పది తాటిచెట్ల అవతల ఉండే రోజుల్లో, ఒక పల్లె. పల్లెలో ఎగువీధి, దిగువీధి. రెంటికీ ఒకటే పెద్దవల, వలకి రెండు తాళ్లు. ఒడ్డున నిలబడి ఒక తాడు ఎగువీధి, ఇంకో తాడు దిగువీధి లాగాలి. సమంగా లాగితే చేప. ఒకరు ముందు లాగితే వల ఒరిగిపోతుంది, చేప జారిపోతుంది.

ఆ పల్లెలో నూకాలు చేపలగంప మోసి బతికేది. ఒకనాడు తూర్పుదీవుల ఓడ పగిలి, తోకలేని పెద్ద కోతులు రెండు చెక్క పట్టుకుని ఒడ్డుకొచ్చాయి. ఎర్రజుట్టు, మనిషి చూపు. నూకాలు ఇంటికి తెచ్చుకుంది.

పెద్దది అన్నీ లాక్కుతినేది. చిన్నది పస్తు. నూకాలు దడి అవతల పళ్లగంప పెట్టి, దాని రెండు చెవుల్లోంచి తాడు దూర్చి, కొసలు రెండూ దూరదూరంగా దడి ఇవతలికి తెచ్చింది. మొదటిరోజు పెద్దది ఒక్కటే ఒక కొస లాగింది. తాడు జారి చేతికొచ్చింది, గంప కదల్లేదు. రెండోరోజు చిన్నది లాగింది. గంప కదల్లేదు. మూడోరోజు పెద్దది కొస పట్టుకుని ఆగింది. చిన్నది రెండో కొస పట్టింది. ఒకదాన్నొకటి చూసుకున్నాయి. లాగాయి. గంప వచ్చింది.

"ఓలమ్మా, చూసి లాగుతున్నాయి!" అని నవ్వింది నూకాలు.

ఆ ఏడు చేప పడలేదు. కులపెద్ద దానయ్య అన్నాడు: "తోకలేనివి వచ్చాయి, చేప పోయింది. ఇయ్యాల కూడా వట్టి వలే వస్తే వాటిని సముద్రంలోకి తోలేస్తాం."

మొదటిసారి ఎగువీధి ముందు లాగింది. వట్టి వల. రెండోసారి దిగువీధి ముందు లాగింది. వట్టి వల.

నూకాలు కోతుల్ని తీసుకొచ్చింది. "మామా, ఈసారి తాళ్ల మొదట నా వాళ్లని నిలబెట్టు."

"కోతులు మాకు లాగడం నేర్పుతాయేటే?"

"లాగడం మీకొచ్చు మామా. ఆగడమే రాదు."

పెద్దది తాడు పట్టి ఇసకలో కాళ్లు దిగేసింది. వెనక ఎగువీధంతా లాగినా జరగలేదు. అటుపక్క చిన్నది తాడు పట్టుకునే ఒక పీతని చూస్తోంది.

"లాగమనవే!"

"పీత అయిపోనీ మామా."

పీత బొరియలోకి పోయింది. చిన్నది తలెత్తింది. చూపు కలిసింది. రెండూ లాగాయి, వాటితో రెండు వీధులూ లాగాయి. వల నిండా కవ్వళ్ల చేపలు!

దానయ్య సాయంత్రం నూకాలు ఇంటికి ఒక అరటిగెల పంపాడు.

కాలం గడిచి కోతులు పోయాయి, నూకాలూ పోయింది. ఇప్పటికీ ఆ ఒడ్డున వల లాగేముందు ఒక తాడువాళ్లు చెయ్యెత్తి, "నూకాలూ, చూశావా?" అని కేకేస్తారు. "చూశా!" అని అటునుంచి వినపడేదాకా తాడు కదలదు. ఎవడైనా తొందరపడితే ముసలాళ్లు కసురుకుంటారు:

"పీత అయిపోనీరా!"